నల్ల కన్సోల్ వెనక ఫొటో పెట్టొచ్చా? పెట్టొచ్చు, కాకపోతే కన్సోల్‌కి కాదు

ప్రశ్న మళ్ళీ ఒకసారి చెప్తా, కింద చదివేవాళ్ళకి అర్థం కావడానికి. పాత లాప్‌టాప్, స్క్రీన్ 1366×768, డెబియన్ అనే లినక్స్ వేశారు, డెస్క్‌టాప్ ఏమీ లేదు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్2 నొక్కితే వచ్చే ఉత్త నల్ల స్క్రీన్ వెనకాల వాళ్ళ ఊరి చెరువుగట్టు ఫొటో కనపడాలి, పైన అక్షరాలు మామూలుగా నడవాలి. ఫొటోని ఫ్రేమ్‌బఫర్‌లోకి, అంటే స్క్రీన్ పిక్సెళ్ళు ఉండే మెమరీలోకి, పంపిస్తే వచ్చింది, కానీ రెండు కమాండ్లు కొట్టేసరికి ముక్కలు ముక్కలుగా చెరిగిపోయింది, పైగా ఫొటో ఏటవాలుగా పక్కకి ఒరిగిపోయి వచ్చింది. ఏదో పాత వీడియోలో మాత్రం చక్కగా ఉంది, మరి నాకెందుకు రావట్లేదు అని.

సూటిగా చెప్పాలంటే: కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఇచ్చే కన్సోల్‌కి, అంటే ఆ నల్ల స్క్రీన్‌కి, బ్యాక్‌గ్రౌండ్ ఫొటో అనేదే లేదు. దాని మీద ఎఫ్‌బీటర్మ్ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే మీరు అడిగింది అచ్చంగా వస్తుంది. మీరు తప్పేం చేయలేదు, ఆ వీడియోలో కెర్నల్ వేరు.

ఒక మాట ముందే, ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ మీద రాస్తున్నా, కమాండ్లన్నీ పలికినట్టే రాశాను. స్పెల్లింగ్ కోసం మ్యాన్ పేజీ (కమాండ్ వివరాలుండే సహాయం పేజీ) తెరిచి పెట్టుకోండి, ఎలాగూ అది అలవాటు చేసుకోవాల్సిందే.

ఫొటో ఎందుకు చెరిగిపోతోందో ముందు చెప్పుకుందాం, అది తెలిస్తే మిగతాదంతా తేలిక. అసలు సిసలు టెక్స్ట్ మోడ్ అంటే పాత వీజీఏ పద్ధతి, 80 అడ్డం 25 నిలువు, మొత్తం 2000 గళ్ళు. ఒక్కో గడికి రెండు బైట్లు, ఒకటి ఏ అక్షరమో, రెండోది ఏ రంగో. అంటే స్క్రీన్ మొత్తం 4000 బైట్లలో అయిపోయింది. అక్షరాన్ని చుక్కలుగా మార్చి చూపించే పని కార్డే చూసుకుంటుంది, మనకి పిక్సెల్ అనేదే చేతికి రాదు. అక్కడ ఫొటో అడగడం అంటే టైప్‌రైటర్‌ని రంగు బొమ్మ అడగడమే.

ఇప్పుడు మీ లాప్‌టాప్‌లో ఉన్నది అది కాదు లెండి. ఇప్పుడు కెర్నలే స్క్రీన్‌ని గ్రాఫిక్స్ మోడ్‌లో పెట్టి, అక్షరాలని పిక్సెల్ పిక్సెల్‌గా తనే గీస్తుంది, దాన్నే ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ అంటాం. పిక్సెళ్ళు ఉన్నాయి కదా మరి ఫొటోకి ఏం అడ్డం అనిపిస్తుంది. అడ్డం ఏంటంటే దానికి పొర అనే ఆలోచనే లేదు. ఒక అక్షరం గీసేటప్పుడు ఆ 8×16 గడి మొత్తాన్నీ నింపేస్తుంది, అక్షరం గీతలు ఒక రంగు, మిగతా చోటంతా నలుపు. ఆ నలుపు కూడా పెయింటే, కిటికీ కాదు. క్లియర్ కొడితే నలుపు పూస్తుంది, స్క్రోల్ అయితే కింద ఉన్నదంతా పైకి జరుపుతుంది లేదా మళ్ళీ గీస్తుంది. వెనకాల మీ చెరువు ఉందని దానికి తెలీదు, తెలిసే దారి లేదు. గోడ మీద పోస్టర్ అంటించి సున్నం వేసేవాణ్ణి పిలిచినట్టు ఉంటుంది వ్యవహారం.

మరి ఆ పాత వీడియో? అది 2.6 కెర్నల్ రోజుల సంగతి. అప్పట్లో సూసే అనే లినక్స్ వాళ్ళ బూట్‌స్ప్లాష్ ప్యాచ్ (కెర్నల్ కోడ్‌కి వేసే అతుకు) ఒకటి, జెంటూ అనే ఇంకో లినక్స్ వాళ్ళది జెన్‌స్ప్లాష్ ఒకటి ఉండేవి. రెండోదే తర్వాత ఎఫ్‌బీస్ప్లాష్ అయింది, ఇంకా తర్వాత ఎఫ్‌బీకాన్‌డెకార్ అని పేరు మారింది. ఆ ప్యాచ్ చేసే పనల్లా ఏంటంటే, గడి వెనక రంగు నింపాల్సిన చోట ఫొటోలో ఆ ముక్క తెచ్చి పెట్టడం. అద్భుతంగా ఉండేది, అబద్ధం ఎందుకు. నేను కాలేజీలో ఉన్నప్పుడు జెంటూలో అది పెట్టాను, నెట్ సెంటర్లో సోర్సంతా సీడీలోకి ఎక్కించుకొచ్చి కంపైల్ పెడితే ఎండాకాలం కరెంటు కోత, రెండు సార్లు సగంలో పోయింది, మూడోసారికి పూర్తయ్యి ఆ స్క్రీన్ వస్తే హాస్టల్లో పక్క రూముల వాళ్ళని లేపి మరీ చూపించాను. కానీ ఆ ప్యాచ్ మెయిన్ కెర్నల్‌లోకి ఎప్పుడూ రాలేదు. తమాషా ఏంటంటే ఆ జెంటూ ప్యాచ్ రాసిన మనిషే రాసిన యూవీసాఎఫ్‌బీ అనే ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్ మాత్రం 2.6.24 లో లోపలికి వెళ్ళింది, ఫొటో ప్యాచ్ బయటే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని కొత్త కెర్నల్‌కి అతికించాలని చూడకండి. ఫ్రేమ్‌బఫర్ కన్సోల్‌లో ఉన్నవాటినే తీసేస్తున్నారు, 2020లో 5.9 కెర్నల్ వచ్చినప్పుడు షిఫ్ట్ పేజ్ అప్ కొడితే పాత లైన్లు చూపించే కోడ్ కూడా తీసిపారేశారు, భద్రత లోపాలు బయటపడ్డాయి, అప్పట్లో చూసుకునే నాథుడు లేడు. అలాంటి చోట కొత్తగా ఫొటో పెడతాం అంటే ఎవరు వింటారు.

సరే, పని జరిగే దారి. ఎఫ్‌బీటర్మ్ అనేది అదే ఫ్రేమ్‌బఫర్ మీద తన అక్షరాలు తనే గీసుకునే టెర్మినల్. దానికో చిట్కా ఉంది, ఎఫ్‌బీటర్మ్ అండర్‌స్కోర్ బ్యాక్‌గ్రౌండ్ అండర్‌స్కోర్ ఇమేజ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అన్నీ క్యాపిటల్స్, దానికి 1 ఇచ్చి మొదలుపెడితే, లేవగానే ఆ క్షణంలో స్క్రీన్ మీద ఏముందో అదంతా ఒక ఫొటో తీసుకుని దాన్నే వెనకాల వాడుకుంటుంది. అంటే మనం చేయాల్సింది వరసగా: కర్సర్ దాచు, స్క్రీన్ తుడువు, ఫొటోని ఫ్రేమ్‌బఫర్‌లోకి పంపు, వేరియబుల్ పెట్టు, ఎఫ్‌బీటర్మ్ లేపు. ఐదు లైన్ల స్క్రిప్ట్. కర్సర్ దాచడం మర్చిపోవద్దు, లేకపోతే ఆ అండర్‌స్కోర్ గీత కూడా ఫొటోలో పడి మూలన మచ్చలా శాశ్వతంగా ఉండిపోతుంది. నేను ఒక వారం పాటు అది స్క్రీన్ మీద దుమ్మేమో అనుకుని తుడిచాను.

ఫొటో పంపడానికి చాలామంది ఎఫ్‌బీవీ అనే వ్యూయర్ వాడతారు. నేనైతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (వీడియోలు, ఫొటోలు మార్చే ప్రోగ్రాం) వాడతా, చాలామంది దగ్గర ఉంటుంది. దాంట్లో అవుట్‌పుట్ ఫార్మాట్ ఎఫ్‌బీడెవ్, పిక్సెల్ ఫార్మాట్ బీజీఆర్ఏ అని ఇచ్చి, డెవ్ కింద ఎఫ్‌బీ0 కి రాయమనండి. అది చాలా మాటకారి, దాని వెర్షను దాని వంశం అంతా ప్రింట్ చేస్తుంది, ఆ ప్రింటంతా ఫొటో మీదే పడుతుంది, అందుకని లాగ్‌లెవెల్ క్వైట్ తప్పకుండా పెట్టండి.

మీ ఫొటో ఎందుకు ఏటవాలుగా వచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మీరు బహుశా ముడి పిక్సెళ్ళ ఫైల్ చేసి క్యాట్ కమాండ్‌తో తోశారు. 1366 పిక్సెళ్ళు, ఒక్కోటి 4 బైట్లు, లైనుకి 5464 బైట్లు అవ్వాలి. కానీ చాలా ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ప్రతి లైనూ 64 కి గుణిజంగా ఉండేలా కాస్త ఖాళీ వదుల్తారు, అప్పుడు లైను 5504 అవుతుంది. తేడా 40 బైట్లు, అంటే 10 పిక్సెళ్ళు. ప్రతి లైనూ పైదాని కంటే పది పిక్సెళ్ళు పక్కకి జరిగి, మొత్తం ఫొటో గాలికి ఒరిగిన వరిచేనులా వస్తుంది. 1920×1080 స్క్రీన్ మీద ఈ బాధ రాదు, 1920ని 4 తో గుణిస్తే 7680, అది 64 కి సరిగ్గా భాగం పోతుంది. 1366 స్క్రీన్ ఉన్న పాత లాప్‌టాప్‌లకే ఈ సమస్య ఎక్కువ. సిస్ కింద క్లాస్, గ్రాఫిక్స్, ఎఫ్‌బీ0 ఫోల్డర్‌లో స్ట్రైడ్ అనే ఫైల్ ఉంటుంది, దాంట్లో ఎంతుందో చూడండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఎఫ్‌బీడెవ్ దారిలో వెళ్తే ఈ లెక్క అదే చూసుకుంటుంది.

పర్మిషన్ల సంగతి, మీ యూజర్‌ని వీడియో గ్రూప్‌లో చేర్చి లాగవుట్ అయ్యి మళ్ళీ రండి. సుడో పెట్టి ఎఫ్‌బీటర్మ్ నడపొద్దు, అప్పుడు లోపల షెల్ (మీరు కొట్టే కమాండ్లు నడిపే ప్రోగ్రాం) కూడా రూట్‌దే, అంటే సర్వాధికారాలున్న యూజర్‌దే అవుతుంది, ఫొటో కోసం అంత ధైర్యం అక్కర్లేదు. దాని కీబోర్డ్ షార్ట్‌కట్లు పనిచేయాలంటే సెట్‌క్యాప్‌తో సిస్ టీటీవై కాన్ఫిగ్ అనే కేపబిలిటీ (ఒక ప్రత్యేక అనుమతి) ఒకటి ఇవ్వాలి, అదిస్తే షిఫ్ట్ పేజ్ అప్ మళ్ళీ వస్తుంది, కెర్నల్ వాళ్ళు తీసేసింది ఇక్కడ దొరుకుతుంది. నాకు ఫొటో కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడింది నిజానికి. ప్యాకేజ్ మీ వెర్షన్‌లో ఉందో లేదో వెతికి చూడండి, ప్రాజెక్ట్ చాలా ఏళ్ళుగా కదలట్లేదు, లేకపోతే సోర్స్ నుంచి కట్టుకోవాలి.

ఇప్పుడు నేను చేసిన ఒక వెధవ పని చెప్తా, మీరు చేయకుండా ఉంటారు. లాగిన్ అవ్వగానే ఫొటో రావాలని బాష్ ప్రొఫైల్‌లో (లాగిన్ అవ్వగానే షెల్ చదివే ఫైల్) చివర ఎగ్జెక్ పెట్టి ఆ స్క్రిప్ట్‌ని పిలిచాను. బాగానే నడిచింది ఓ ఆర్నెల్లు. ఒక అప్‌డేట్ తర్వాత ఎఫ్‌బీటర్మ్ లేవడం మానేసింది. ఎగ్జెక్ అంటే షెల్ తన ప్రాణం దానికి ఇచ్చేసినట్టు, అది పడిపోతే వెనక్కి రావడానికి షెల్ లేదు, సెషన్ అయిపోతుంది, మళ్ళీ లాగిన్ అడుగుతుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఒక మెరుపు, మళ్ళీ యూజర్ పేరు. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే ఇంకో మెషీన్ నుంచి, వద్దామా అంటే అక్కడా అదే ప్రొఫైల్, అదే మెరుపు. రూట్ పాస్‌వర్డ్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేయాల్సి వచ్చేది. అందుకని ఎగ్జెక్ వాడకండి, ముందు టీటీవై కమాండ్‌తో ఇది నిజంగా టీటీవై2 (కంట్రోల్ ఆల్ట్ ఎఫ్2 తో వచ్చే కన్సోల్) నా కాదా చూసి అప్పుడే నడపండి. ఒక్క టీటీవైలో ఫొటో, మిగతావన్నీ నల్లగానే వదిలేయండి, ఏదైనా తేడా వస్తే దూరడానికి ఓ దొడ్డిదారి ఉంటుంది.

ఫొటో ఎంచుకోవడం గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. చెరువుగట్టు అంటే పైన తెల్లటి ఆకాశం, నీళ్ళ మీద తళతళ. దాని మీద బూడిద రంగు అక్షరాలు ఒక్కటీ కనపడవు. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటోలు మార్చే ప్రోగ్రాంలో ఫిల్ బ్లాక్, కలరైజ్ 70 ఇస్తే ఫొటో మీద డెబ్బై శాతం నలుపు కప్పినట్టు అవుతుంది, మొదటిసారి చూసి అయ్యో ఏమీ కనపడట్లేదు అనిపిస్తుంది, గంట సేపు పని చేశాక ఇదే కరెక్ట్ అనిపిస్తుంది. కాస్త బ్లర్ కూడా ఇవ్వండి, ఆకులూ కొమ్మలూ సన్నగా ఉంటే అక్షరాలతో కలిసిపోతాయి. ఇంకోటి, డీఫాల్ట్ బ్యాక్‌గ్రౌండ్ రంగు ఉన్న గళ్ళలో మాత్రమే ఫొటో కనపడుతుంది. మిడ్‌నైట్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ తెరిస్తే దాని నీలం మొత్తం కప్పేస్తుంది. విమ్ ఎడిటర్‌లో కలర్‌స్కీమ్ ఉంటే నార్మల్ గ్రూప్‌కి సీటర్మ్ బీజీ నన్ అని పెట్టుకోవాలి. స్క్రోలింగ్ కూడా కాస్త నెమ్మదిస్తుంది, ప్రతిసారీ మొత్తం మళ్ళీ గీయాలి కదా, పాత మెషీన్‌లో పెద్ద లాగ్ ఫైల్ వదిలితే తెలుస్తుంది.

ఎఫ్‌బీటర్మ్ అసలు లేవకపోతే ఇంకో దారి, స్వే ప్లస్ ఫుట్. స్వే అంటే వేలాండ్ (లినక్స్‌లో విండోలు చూపించే పద్ధతి) మీద నడిచే విండో మేనేజర్, దాంట్లో వాల్‌పేపర్ ఒక్క లైను, ఫుట్ టెర్మినల్‌లో ఆల్ఫా 0.8 పెడితే వెనక ఫొటో కనపడుతుంది. ఫుట్ గ్రాఫిక్స్ కార్డ్ మీద ఆధారపడదు కాబట్టి పాత లాప్‌టాప్‌కి మంచిది. ఒకే ఒక్క టెర్మినల్ చాలు అనుకుంటే కేజ్‌లో (ఒకే ప్రోగ్రాంని స్క్రీన్ నిండా చూపించేది) కిట్టీ అనే టెర్మినల్ నడపొచ్చు, కిట్టీకి సొంతంగానే బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ సెట్టింగ్ ఉంది, కాకపోతే ఓపెన్‌జీఎల్ సరిగ్గా లేని మరీ పాత కార్డుల్లో అది లేవదు. ఇది టెక్స్ట్ కన్సోల్ ఎలా అవుతుంది, డెస్క్‌టాపే కదా అని కొందరు వాదిస్తారు. వాదించుకోనివ్వండి. కెర్నల్ మెయింటెయినర్లు ఎటు నడుస్తున్నారో చూస్తే పదేళ్ళ తర్వాత కూడా పనిచేసేది ఇదే అని నా లెక్క.

గ్రబ్ (బూట్ మెనూ చూపించే ప్రోగ్రాం) ఫొటో వేరు, కన్సోల్ ఫొటో వేరు. మీ ప్రశ్న కింద ఒకాయన గ్రబ్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకో అని రాశాడు. అది బూట్ మెనూ వెనక మాత్రమే వస్తుంది. గ్రాఫిక్స్ పేలోడ్ కీప్ అని పెడితే ఫొటో అలాగే ఉండిపోతుంది అనుకుంటారు, ఉండేది స్క్రీన్ రెజల్యూషనే, ఫొటో కాదు. దానికీ సరదా ఉంటే పెట్టుకోండి, కాకపోతే ఫైల్‌ని బూట్ కింద గ్రబ్ ఫోల్డర్‌లో పెట్టండి, హోమ్ వేరే ఎన్‌క్రిప్టెడ్ పార్టిషన్‌లో ఉంటే గ్రబ్‌కి ఆ ఫైల్ అందదు. పాత గ్రబ్ అయితే 640×480, 14 రంగులు అంతే ఇచ్చేది, దాంట్లో కూడా ఫొటోలు పెట్టుకుని మురిసిపోయాం. ప్లిమత్ (బూట్ అయ్యేటప్పుడు బొమ్మ చూపించేది) కూడా ఇంతే, బూట్ అయ్యేవరకే. ఇక ఎస్‌ఎస్‌హెచ్‌లో కనపడే స్క్రీన్‌కి ఫొటో కావాలంటే సర్వర్‌లో ఏం చేసినా రాదు, అది మీ ముందున్న టెర్మినల్ సెట్టింగ్. విండోస్ టెర్మినల్‌లో అయితే రెండు క్లిక్కులు.

ఏ ప్యాకేజీ లేకుండా ఒక దొంగదారి ఉంది, నాకు చాలా ఇష్టం. స్క్రీన్ మొత్తం కాకుండా పైన ఒక పట్టీలో ఫొటో ఉంచడం. మీ స్క్రీన్‌లో 8×16 ఫాంట్‌తో 48 లైన్లు వస్తాయి. పై 14 లైన్లు అంటే 224 పిక్సెళ్ళ ఎత్తు, 1366×224 సైజులో చెరువుగట్టు పట్టీ కత్తిరించి పైన రాయండి. తర్వాత స్క్రోల్ రీజియన్ అనే ఎస్కేప్ కోడ్, అంటే ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో కన్సోల్‌కి పంపే ఆదేశం: ఎస్కేప్, చదరపు బ్రాకెట్, 15 సెమికోలన్ 48, చిన్న ఆర్. అంతే, ఇక 15వ లైను నుంచి కిందకే స్క్రోల్ అవుతుంది, పైన చెరువు కదలదు. ఆ కోడ్ కొట్టగానే కర్సర్ మొదటి లైనుకి ఎగిరిపోతుంది, దాన్ని వెంటనే 15కి దించే కోడ్ కూడా అదే ప్రింట్‌ఎఫ్‌లో పెట్టండి, లేకపోతే ప్రాంప్ట్ వచ్చి చెరువులో పడుతుంది. క్లియర్ కొట్టినా, కంట్రోల్ ఎల్ నొక్కినా, విమ్ తెరిచినా ఫొటో పోతుంది, మళ్ళీ పెట్టడానికి ఒక ఏలియాస్ చేసుకోండి. శాశ్వతం కాదు కానీ కెర్నల్ కన్సోల్‌లోనే, నిజమైన ఫొటో.

నేను ఇప్పుడు ఏం వాడుతున్నా అని అడిగితే, ఫొటో తీసేశా. సెట్‌వీటీఆర్‌జీబీ అనే కమాండ్ ఉంటుంది, ఒక ఫైల్‌లో మూడు లైన్లు, ఎరుపు ఆకుపచ్చ నీలం, లైనుకి 16 సంఖ్యలు. మొదటి రంగు నలుపు బదులు చాలా ముదురు ఆకుపచ్చ పెట్టుకున్నా, అక్షరాలు కాస్త గోధుమ రంగు, పెద్ద టెర్మినస్ ఫాంట్. మీకు ఆ నలుపే విసుగైతే ఇది ఐదు నిమిషాల పని, బూట్ అయిన ప్రతి టీటీవైకీ వస్తుంది, ఏదీ విరగదు.

తెలుగు ఫైల్ పేర్లు కనపడతాయా అని చివర్లో అడిగారు. కెర్నల్ కన్సోల్‌లో కనపడవు, దాని ఫాంట్‌లో గరిష్టంగా 512 బొమ్మలే పడతాయి, పైగా ఒత్తులూ గుణింతాలూ కలిపి పేర్చే తెలివి దానికి లేదు. ఎఫ్‌బీటర్మ్‌లో తెలుగు ఫాంట్ ఇస్తే అక్షరాలు వస్తాయి కానీ విడివిడిగా, క కింద ష ఒత్తు చేరదు. కిట్టీ కొంత నయం, అయినా సమాన గళ్ళలో మన అక్షరాలు ఇమడవు, పక్కింట్లోకి చెయ్యి పెడుతూనే ఉంటాయి.

ముందు ఆ స్ట్రైడ్ ఫైల్‌లో ఎంత ఉందో, ఏ గ్రాఫిక్సో ఇక్కడ పెట్టండి. 5504 అయితే నేను చెప్పిందే, ఇంకేదైనా నంబర్ అయితే స్క్రిప్ట్ ముట్టుకోకముందు ఒకసారి చూద్దాం.